విదేశీ హ్యాకర్ల పనేనని ప్రభుత్వం చెబితే ఎంతవరకు నమ్మవచ్చు?

2016 జూన్ 14న వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో ఒక వార్త వచ్చింది. అమెరికాలో డెమొక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ కంప్యూటర్లలోకి రష్యా ప్రభుత్వ హ్యాకర్లు చొరబడ్డారని, ఆ పార్టీ పిలిపించుకున్న క్రౌడ్‌స్ట్రైక్ అనే ప్రైవేటు భద్రతా సంస్థ తేల్చిందని దాని సారాంశం. మర్నాడే ‘గుసిఫర్ 2.0’ అనే మారుపేరుతో ఒకరు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యారు. రష్యాకు ఇందులో సంబంధమే లేదని, ఇదంతా తానొక్కడే చేశానని చెప్పుకుని, రుజువుగా కొన్ని పత్రాలు బయటపెట్టారు. కొద్ది రోజులకు తన సొంత దేశం రుమేనియా అని కూడా చెప్పారు. ఆ పత్రాల్లో ఒకదాని లోపలి వివరాల్లో, చివరిసారి మార్పులు చేసిన వారి పేరు నమోదయ్యే చోట, రష్యన్ లిపిలో ‘ఫెలిక్స్ ఎడ్ముందోవిచ్’ అని ఉంది. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థకు ఆద్యుడైన జెర్జిన్‌స్కీ పూర్తి పేరులో మొదటి రెండు మాటలు అవి. ఒక విలేకరి ఆ గుసిఫర్‌తో రుమేనియన్ భాషలో చాటింగ్ మొదలుపెడితే, సొంత భాష అని చెప్పుకున్న దానిలోనే తడబాట్లు కనిపించాయి.

ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని కొందరు అన్నారు. ఆరితేరిన గూఢచారులు ఇంత తెలివితక్కువగా దొరికిపోతారా, ఇది కావాలని ఎవరో అంటించిన ముద్ర అని మరికొందరు అన్నారు. రెండు వైపులా తొందరే. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో రెండింటిలో ఏదీ తేలదు. తేలడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో అమెరికా ప్రభుత్వం ఒకే విషయాన్ని నాలుగైదు రకాలుగా, నాలుగైదు స్థాయుల గట్టిదనంతో చెప్పింది. సర్కారు మాటను తూచడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

‘ఫలానా దేశం హ్యాక్ చేసింది’ అనే వాక్యం పైకి ఒకటిగా కనిపించినా లోపల అనేక వాక్యాల మూట. చొరబాటు నిజంగా జరిగిందా అన్నది మొదటిది. ఏం పట్టుకుపోయారన్నది ఆ తర్వాతిది. కీబోర్డు మీద ఉన్న చేతులు ఎవరివన్నది వేరే ప్రశ్న. ఆ చేతులకు ఆదేశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఉద్దేశంతో వచ్చింది అన్నవి ఇంకా వేరు. ముందుకు వెళ్లే కొద్దీ సాక్ష్యం పలచబడుతుంది. చొరబాటును సర్వర్ రికార్డులు చూపిస్తాయి. ఉద్దేశాన్ని ఏ సర్వరూ చూపించదు, దానికి మనుషుల మాటలో, దొంగచాటుగా విన్న సంభాషణలో కావాలి. అయినా ప్రకటన చేసేవారు మొదటి ప్రశ్నకున్న గట్టిదనాన్ని చివరి ప్రశ్నకు కూడా అప్పిచ్చేస్తారు. కొట్టిపారేసేవారు దీన్నే తిరగేస్తారు. ఉద్దేశం రుజువు కాలేదు కాబట్టి చొరబాటే జరగలేదంటారు.

2016 అక్టోబర్ 7న అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ, జాతీయ నిఘా డైరెక్టర్ కార్యాలయం కలిసి ఒక చిన్న ప్రకటన ఇచ్చాయి. రాజకీయ సంస్థల మెయిళ్ల చోరీని రష్యా ప్రభుత్వమే చేయించిందని నిఘా వ్యవస్థ నమ్ముతోందని, ఇంత పెద్ద వ్యవహారానికి రష్యాలోని అత్యున్నత అధికారులు తప్ప మరొకరు అనుమతి ఇచ్చి ఉండలేరని అందులో ఉంది. ఆధారాలు మాత్రం ఒక్కటీ లేవు. అందుకే చాలామంది దాన్ని వట్టి మాటగా తీసిపారేశారు. కానీ అదే ప్రకటన కింది భాగంలో ఇంకో సంగతి ఉంది. కొన్ని రాష్ట్రాల ఎన్నికల వ్యవస్థలను ఎవరో తడిమి చూశారని, చాలా సందర్భాల్లో ఆ ప్రయత్నాలు ఒక రష్యన్ కంపెనీ నడిపే సర్వర్ల నుంచే వచ్చాయని, అయినా దాన్ని రష్యా ప్రభుత్వానికి అంటగట్టే స్థితిలో ప్రస్తుతం లేమని రాశారు. ఎలాగైనా రష్యా మీద నేరం మోపాలనుకున్నవారు ఇంత మంచి అవకాశాన్ని చేజేతులా వదులుకోరు. తనకు తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్న ప్రకటనకు, తెలుసునని చెప్పిన భాగంలో కొంత ఎక్కువ విలువ ఇవ్వాలి. అంతమాత్రాన అది రుజువైపోదు.

మూడు నెలలు తిరగకుండానే ఆ జాగ్రత్త గాలికి పోయింది. డిసెంబర్ 29న ఒబామా ప్రభుత్వం 35 మంది రష్యన్ దౌత్య సిబ్బందిని బహిష్కరించింది. అదే రోజు ‘గ్రిజ్లీ స్టెప్’ పేరుతో ఒక సాంకేతిక నివేదిక విడుదలైంది. అందులో అనుమానాస్పద ఐపీ అడ్రసుల పెద్ద జాబితా ఉంది. భద్రతా నిపుణులు దాన్ని చూసి పెదవి విరిచారు. ఆ అడ్రసుల్లో చాలా, అసలు చిరునామాను దాచేందుకు ఎవరైనా వాడుకోగల టోర్ వంటి సేవలవి. వాటితో సంబంధం ఉన్నంత మాత్రాన ఎవరూ రష్యన్ గూఢచారి కాబోరు. దాని ఫలితం మర్నాడే కనిపించింది. వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ విద్యుత్ సంస్థ ఆ జాబితాతో తమ కంప్యూటర్లను సరిచూసుకుంటే ఒక ల్యాప్‌టాప్‌లో ఏదో పోలిక తగిలింది. అధికారులను ఉటంకిస్తూ వాషింగ్టన్ పోస్ట్, రష్యన్ హ్యాకర్లు అమెరికా విద్యుత్ గ్రిడ్‌లోకి చొరబడ్డారని రాసేసింది. ఆ ల్యాప్‌టాప్‌కు గ్రిడ్‌తో అసలు సంబంధమే లేదు. పత్రిక వార్తను సవరించుకుంది, కొద్ది రోజులకు ఆ ఘటన వెనుక రష్యా లేకపోవచ్చని కూడా రాసింది. ఇక్కడ గ్రహించాల్సింది ఒకటుంది: పెద్ద ఆరోపణ నిజమైనా, దానికి మద్దతుగా విడుదల చేసే కాగితం పనికిమాలినది కావచ్చు. కాగితం బాగోలేదని ఆరోపణను, ఆరోపణ బలంగా ఉందని కాగితాన్ని తూచకూడదు.

2017 జనవరి 6న నిఘా సంస్థల ఉమ్మడి అంచనా బహిరంగ ప్రతి వచ్చింది. పాతికో పేజీల పత్రం. అందులో కొంత భాగాన్ని రష్యా ప్రభుత్వ నిధులతో నడిచే ఆర్‌టీ టెలివిజన్ ఛానల్ గురించి 2012లో రాసిన పాత అనుబంధమే ఆక్రమించింది. చదవాల్సింది చివర్లో ఉంది. ‘గట్టి నమ్మకం’ అంటే నిస్సందేహమైన సత్యమని అర్థం కాదని, అలాంటి తీర్పులు కూడా తప్పు కావచ్చని ఆ పత్రమే వివరించింది. పుతిన్ ప్రభుత్వం ట్రంప్ గెలుపు అవకాశాలు పెంచాలని కోరుకుందన్న ఒక్క అంశం మీద సీఐఏ, ఎఫ్‌బీఐ గట్టి నమ్మకం వ్యక్తం చేస్తే, సంభాషణలను చాటుగా వినడమే వృత్తిగా ఉన్న ఎన్ఎస్ఏ ఓ మాదిరి నమ్మకం దగ్గరే ఆగింది. చొరబాటు మీద భేదాభిప్రాయం లేదు, ఉద్దేశం మీదే వచ్చింది. సాక్ష్యం పలచబడే చోటు సరిగ్గా అదే. ఎనిమిదేళ్ల తర్వాత, 2025 జూలైలో సీఐఏ బయటపెట్టిన సమీక్ష కూడా ఆ నివేదికను హడావిడిగా తయారు చేశారని, సంస్థల అధిపతులు మితిమీరి కలుగజేసుకున్నారని తప్పుపట్టింది. ఆ సమీక్ష వేలు పెట్టి చూపింది ట్రంప్‌కు సాయం చేయాలన్న కోరిక గురించిన తీర్పునే. మధ్యలో 2020 ఏప్రిల్‌లో రిపబ్లికన్ల నాయకత్వంలోని సెనేట్ నిఘా కమిటీ రెండు పార్టీల సభ్యుల సమ్మతితో ఆ అంచనాను సమర్థించింది.

అసలు బరువున్న పత్రం 2018 జూలై 13న వచ్చింది. ప్రత్యేక న్యాయవాది రాబర్ట్ మ్యుల్లర్ బృందం రష్యా సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూకు చెందిన 12 మంది అధికారుల మీద అభియోగపత్రం దాఖలు చేసింది. 26165, 74455 అనే రెండు యూనిట్ల నంబర్లు, వాటి భవనాల చిరునామాలు, అధికారుల పేర్లు, ఎవరు ఎర మెయిళ్లు పంపారు, ఎవరు మాల్‌వేర్ (కంప్యూటర్లకు హాని చేసే ప్రోగ్రాములు) చూసుకున్నారు, సర్వర్ల అద్దెకు బిట్‌కాయిన్ ఎలా చెల్లించారు, చోరీ అయిన సమాచారం ఇల్లినాయ్‌లో అద్దెకు తీసుకున్న ఏ కంప్యూటర్‌కు చేరింది, అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. వాటిలో ఒక వివరం మాత్రం ఎవరికైనా గుర్తుండిపోతుంది. 2016 జూన్ 15న మాస్కో సమయం సాయంత్రం 4:19 నుంచి 4:56 మధ్య, 74455 యూనిట్ వాడే ఒక సర్వర్ నుంచి కొన్ని ఇంగ్లిష్ పదబంధాల కోసం ఇంటర్నెట్‌లో వెతికారు. ‘ప్రపంచ ప్రసిద్ధ’, ‘కొన్ని వందల కాగితాలు’, ‘ఒకటికి రెండుసార్లు ఆలోచించు’ వంటి మాటలకు ఇంగ్లిష్ రూపాలవి. రాత్రి 7:02కు గుసిఫర్ 2.0 మొదటి రాత వెలువడింది. అంతకు ముందు వెతికిన ఈ మాటలు అందులో ఉన్నాయి. ఇంగ్లిష్ సరిగా రాని ఒక అధికారి తన వాక్యాలను సరిచూసుకుంటున్న దృశ్యం అది. పత్రంలో దొరికిన జెర్జిన్‌స్కీ పేరు ఎవరైనా అతికించగలిగేది. ఈ వెతుకులాట అలాంటిది కాదు. రాయకముందు జరిగింది, బయటివారికి కనిపించనిది, పైగా అది తెలియాలంటే ఆ సర్వర్ రికార్డు చేతికి రావాలి.

దీన్నీ పూర్తిగా నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. నిందితులు మాస్కోలో ఉన్నారు, అమెరికా కోర్టుకు రారు, కాబట్టి ఆ సాక్ష్యాన్ని ప్రతివాది న్యాయవాది ఎన్నడూ ప్రశ్నించడు. ఈ లోటు చిన్నది కాదు. అయినా అభియోగపత్రానికి, పేరు చెప్పని అధికారి మాటకు మధ్య తేడా పెద్దదే. ఇంత వివరంగా రాసిన పత్రంలో ఒక తేదీ తప్పినా, ఒక భవనం చిరునామా తప్పినా పట్టుకోవడానికి ప్రపంచమంతా కాచుకుని ఉంటుంది. పైగా దాన్ని ప్రకటించింది ట్రంప్ ప్రభుత్వ న్యాయశాఖే, అదీ హెల్సింకీలో పుతిన్‌తో ట్రంప్ సమావేశానికి మూడు రోజుల ముందు. అధ్యక్షుడికి అది బొత్తిగా నచ్చని మాట. సొంత ప్రభుత్వాధిపతికి ఇబ్బంది కలిగించే మాటను అదే ప్రభుత్వం చెప్పిందంటే దానికి విలువ పెరుగుతుంది.

ఈ కథలో అనుమానించేవారి చేతికి నిజంగానే బలమైన వాదనలు ఉన్నాయి. ఎఫ్‌బీఐ ఆ పార్టీ సర్వర్లను నేరుగా స్వాధీనం చేసుకుని పరీక్షించలేదు, క్రౌడ్‌స్ట్రైక్ ఇచ్చిన నకళ్ల మీద ఆధారపడింది. ఆ సంస్థకు డబ్బు చెల్లించింది బాధితులైన పార్టీయే. 2017 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ కమిటీ ముందు రహస్యంగా సాక్ష్యమిచ్చిన ఆ సంస్థ అధికారి, సమాచారాన్ని తరలించడానికి ఒకచోట పోగుచేసిన ఆనవాళ్లు ఉన్నాయని, అది బయటికి వెళ్లిపోవడాన్ని నేరుగా చూపించే ఆధారం మాత్రం తమ దగ్గర లేదని చెప్పారు. 2020 మేలో ఆ సాక్ష్యం బయటికి రాగానే హ్యాకింగ్ కథంతా అబద్ధమని కొందరు చాటింపు వేశారు. నిజానికి ఆయన మాట ఒక్క ప్రశ్నకే జవాబు: బాధితుల కంప్యూటర్లలో ఆ ప్రైవేటు సంస్థకు ఏం కనిపించింది? దొంగల వైపు సర్వర్లలో ప్రభుత్వానికి ఏం కనిపించిందన్న సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు. దాన్ని చెప్పింది తర్వాత వచ్చిన అభియోగపత్రం.

లీకుల విషయంలో ఇంకో గందరగోళం ఉంటుంది. ఎవరు దొంగిలించారన్నది ఒక ప్రశ్న, దొంగిలించినది నిజమైనదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. డెమొక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టా మెయిళ్లను 2016 అక్టోబర్ 7 నుంచి వికీలీక్స్ వరసగా విడుదల చేసినప్పుడు, ఇవి రష్యన్ల చేతుల మీదుగా వచ్చినవి కాబట్టి ఇందులో కల్పితాలు ఉండవచ్చని ఆమె బృందం సూచిస్తూ వచ్చింది. వాటిలో చాలా మెయిళ్లకు, పంపిన సర్వరు వేసే ‘డీకేఐఎం’ అనే గణిత సంతకం చెక్కుచెదరకుండా ఉంది. విషయంలో ఒక్క అక్షరం మారినా ఆ సంతకం సరిపోలదు. అంటే దొంగ సొత్తే, కానీ అసలు సొత్తే. రెండూ ఒకేసారి నిజం.

నాలుగేళ్ల తర్వాత ఇదే గందరగోళం మరింత నష్టం చేసింది. 2020 అక్టోబర్‌లో అధ్యక్ష అభ్యర్థి జో బైడెన్ కుమారుడు హంటర్ బైడెన్ ల్యాప్‌టాప్‌లోని మెయిళ్ల గురించి న్యూయార్క్ పోస్ట్‌లో వార్త రాగానే, 51 మంది మాజీ నిఘా అధికారులు ఒక బహిరంగ లేఖ రాశారు. ఈ వ్యవహారానికి రష్యా సమాచార యుద్ధపు లక్షణాలన్నీ ఉన్నాయని అందులో అన్నారు. అదే లేఖలో ఆ మెయిళ్లు నిజమో కాదో తమకు తెలియదని, రష్యా హస్తానికి తమ దగ్గర ఆధారం లేదని, అనుభవంతో వచ్చిన అనుమానం మాత్రమేనని కూడా రాశారు. పత్రికల శీర్షికల్లోకి, ఎన్నికల చర్చా వేదిక మీదికి వచ్చేసరికి రెండో భాగం రాలిపోయింది. 2024 జూన్‌లో హంటర్ బైడెన్ మీద విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాదులు అదే ల్యాప్‌టాప్‌ను సాక్ష్యంగా కోర్టులో పెట్టారు. ఆ 51 మందిలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదని వాదించవచ్చు. అయినా పూర్వపు హోదాల బరువును ఆధారం లేని ఊహ మీద మోపినందుకు వారికి బాధ్యత ఉంది. పదవిలో ఉన్నవారు సంతకం చేసిన పత్రానికి, పదవి దిగిపోయినవారు సంతకం చేసిన లేఖకు ఒకే విలువ కట్టిన పాత్రికేయులకూ ఉంది.

సాంకేతిక ఆనవాళ్లు అబద్ధం చెప్పవని ఒక అపోహ. 1998 ఫిబ్రవరిలో, ఇరాక్ మీద దాడికి అమెరికా సిద్ధమవుతున్న రోజుల్లో, అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబాట్లు మొదలయ్యాయి. జాడ గల్ఫ్ ప్రాంతం మీదుగా వెళ్తోంది, సమయమూ సరిపోయింది, అనుమానం సద్దాం హుస్సేన్ మీదికి మళ్లింది. చివరికి పట్టుబడింది కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లలు, వారికి నేర్పిన ఒక ఇజ్రాయెల్ కుర్రాడు. ఇరవై ఏళ్ల తర్వాత 2018 ఫిబ్రవరి 9న, దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభ వేడుక సమయానికి నిర్వాహకుల నెట్‌వర్క్ కుప్పకూలింది. ఆ మాల్‌వేర్‌లో ఉత్తర కొరియా హ్యాకర్ల పోలికలు దొరికాయి. చైనా పోలికలూ దొరికాయి. ప్రోగ్రామ్‌ను ఏ పనిముట్లతో తయారుచేశారో తెలిపే ‘రిచ్ హెడర్’ అనే భాగాన్ని ఉత్తర కొరియా వారి పాత మాల్‌వేర్ నుంచి తెచ్చి అతికించారని, మిగతా కోడ్‌తో అది పొసగడం లేదని సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు పట్టుకున్నారు. 2020 అక్టోబర్‌లో అమెరికా ఆ దాడికి జీఆర్‌యూ అధికారులు ఆరుగురి మీద అభియోగాలు మోపింది. యూనిట్ నంబరు అదే, 74455. కోడ్‌లో దొరికే పోలిక ఒక దారి చూపిస్తుంది, అంతే. అటు వెళ్తే డబ్బు జాడ, మనుషుల జాడ, అద్దె సర్వర్ల జాడ కూడా తగలాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు జాడలు ఒకేచోటికి చేరినప్పుడే ఆరోపణకు నడుము గట్టిపడుతుంది.

మరి ప్రభుత్వాలు ఆధారాలన్నీ ముందే చూపించవచ్చు కదా? చూపిస్తే ఎలా తెలిసిందో చెప్పినట్టవుతుంది. డచ్ గూఢచార సంస్థ ఏఐవీడీ 2014లోనే మాస్కోలోని ఒక విశ్వవిద్యాలయ భవనంలో పనిచేసే రష్యన్ హ్యాకర్ల నెట్‌వర్క్‌లోకి దూరిందని, వారి గది బయట వరండాలోని సీసీ కెమెరాను కూడా చేజిక్కించుకుని వచ్చీపోయేవారి ముఖాలు చూసిందని నెదర్లాండ్స్ పత్రిక ఫోల్క్స్‌క్రాంట్ 2018 జనవరిలో బయటపెట్టింది. అలాంటి కిటికీని ఒక పత్రికా సమావేశం కోసం ఏ సంస్థా మూసుకోదు. ఈ కారణం న్యాయమైనదే. చిక్కల్లా ఏమిటంటే, చేతిలో ఏమీ లేనివారు కూడా అచ్చం ఇదే కారణం చెబుతారు. 2003 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఇరాక్ ఆయుధాల గురించి చెప్పినవీ నిఘా సమాచారం పేరుతోనే వచ్చాయి, తర్వాత తప్పని తేలాయి. ఆ తర్వాత ప్రజలు ఊరికే తలూపకపోవడంలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

అరుదుగా ఒక ప్రభుత్వం మొత్తం మూట విప్పేస్తుంది. 2018 ఏప్రిల్‌లో నలుగురు రష్యన్లు దౌత్య పాస్‌పోర్టులతో నెదర్లాండ్స్‌లో దిగారు. ది హేగ్‌లో రసాయన ఆయుధాల నిషేధ సంస్థ కార్యాలయం పక్కన ఉన్న హోటల్ ఆవరణలో అద్దె కారు నిలిపి, డిక్కీలో వైఫై సంకేతాలను పట్టే యాంటెన్నా, దానికి తగిన సామగ్రి అమర్చారు. డచ్ అధికారులు వారిని పట్టుకుని వెనక్కి పంపేశారు, అక్టోబర్ 4న మంత్రి, సైనిక నిఘా అధిపతి కలిసి అన్నీ తెర మీద చూపించారు. పాస్‌పోర్టుల ప్రతులు, కారు డిక్కీ ఫొటోలు, ల్యాప్‌టాప్‌లో దొరికిన పాత ప్రయాణాల జాడలు. వాటన్నిటి మధ్యలో ఒక టాక్సీ రసీదు. మాస్కోలో జీఆర్‌యూ భవనం వెనుక వీధి నుంచి షెరెమెత్యేవో విమానాశ్రయం వరకు, ప్రయాణం చేసిన రోజు తేదీతో. ప్రయాణ ఖర్చులు రాబట్టుకోవడానికి దాచుకున్నదని ఎవరైనా ఊహించుకోవచ్చు. వాళ్లు సాధారణ తనిఖీ పనిమీద వెళ్లిన నిపుణులని రష్యా ఇచ్చిన వివరణ ఆ రసీదు ముందు తేలిపోయింది. ఎవరైనా స్వయంగా పటంలో సరిచూసుకోగల చిన్న వస్తువు, ‘విశ్వసనీయ వర్గాలు’ చెప్పే పెద్ద మాటలకన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇదే గీటురాయి మీద చైనా ఆరోపణలనూ గీసి చూడాలి. 2022 సెప్టెంబర్‌లో చైనా తమ నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నికల్ విశ్వవిద్యాలయం మీద అమెరికా ఎన్ఎస్ఏ దాడి చేసిందని చెప్పి, వాడిన పనిముట్ల పేర్లతో నివేదికలు ఇచ్చింది. ఎన్ఎస్ఏ అలాంటి పనులు చేస్తుందని 2013లో అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన పత్రాలే చెప్పాయి కాబట్టి ఆరోపణ అసంభవమేమీ కాదు. అమెరికా చెబితే నిజం, చైనా చెబితే ప్రచారం అనుకునేవారికి, దాన్ని తిప్పి నమ్మేవారికి కూడా కావాల్సింది ఒకటే: బయటి పరిశోధకులు స్వయంగా పరీక్షించుకోగల నమూనాలు ఏ మేరకు ఇచ్చారన్నది చూడటం.

మన దేశానికి వస్తే, ఇక్కడ చొరబాటు ఆరోపణలకన్నా చొరబాటు జరగలేదన్న ఖండనలే ఎక్కువ జాగ్రత్తగా చదవాల్సి వస్తుంది. 2019 అక్టోబర్ చివర్లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ దొరికిందన్న వార్త పాకింది. ఆ విద్యుత్ కేంద్రం అధికారులు వెంటనే ఖండించారు. అణు కేంద్రాల నియంత్రణ వ్యవస్థలు విడిగా ఉంటాయని, బయటి నెట్‌వర్క్‌తో గానీ ఇంటర్నెట్‌తో గానీ వాటికి సంబంధం లేదని, నియంత్రణ వ్యవస్థ మీద సైబర్ దాడి సాధ్యం కాదని ప్రకటించారు. మర్నాడు, అక్టోబర్ 30న, అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ మాల్‌వేర్ దొరికిన మాట నిజమేనని ఒప్పుకుంది. సెప్టెంబర్ 4నే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సీఈఆర్‌టీ-ఇన్ తమకు తెలియజేసిందని, సోకింది ఇంటర్నెట్‌తో కలిసిన పరిపాలనా నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌కని చెప్పింది. మొదటి ప్రకటనలో నియంత్రణ వ్యవస్థ గురించి చెప్పిన మాటలు అబద్ధం కాకపోవచ్చు. ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా అని ‘కుంజరః’ అన్నది గొంతులో నొక్కినట్టు, ‘నియంత్రణ వ్యవస్థ’ అన్న మాటను నొక్కి ‘మిగతా కంప్యూటర్లు’ అన్న మాటను మింగేశారు. ఖండనలో ఏ వాక్యాన్ని ఖండించారో వేలు పెట్టి చూసుకోవాలి.

ముంబయి కథ మరో రకం. 2020 అక్టోబర్ 12న నగరమంతా కరెంటు పోయి రైళ్లు ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరి 28న అమెరికాకు చెందిన రికార్డెడ్ ఫ్యూచర్ అనే సైబర్ భద్రతా సంస్థ, చైనాతో సంబంధమున్న ఒక బృందం భారత విద్యుత్ వ్యవస్థలను లక్ష్యంగా చేసుకుందని నివేదిక ఇచ్చింది. ఆ జాబితాలో, ఎటు ఎంత కరెంటు పంపాలో చూసే తెలంగాణ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం కూడా ఉంది. సీఈఆర్‌టీ-ఇన్ హెచ్చరికతో జాగ్రత్తపడ్డామని తెలంగాణ విద్యుత్ సంస్థలు అప్పుడే చెప్పాయి. అయితే ముంబయి చీకటికి, ఆ మాల్‌వేర్‌కు లింకు రుజువు కాలేదని ఆ నివేదికే రాసింది. మర్నాడు మహారాష్ట్ర హోంమంత్రి అనిల్ దేశ్‌ముఖ్ తమ సైబర్ విభాగం నివేదికను చూపిస్తూ ఇది విద్రోహ చర్యేనన్నట్టు మాట్లాడారు. ఆ మర్నాడు కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ అది మానవ తప్పిదమని, చైనాతో ముడిపెట్టే ఆధారం లేదని, లోడ్ డిస్పాచ్ కేంద్రాల మీద దాడులు జరిగినా మాల్‌వేర్ నిర్వహణ వ్యవస్థను చేరలేదని చెప్పారు. ఇద్దరికీ కారణాలున్నాయి. విదేశీ కుట్ర అయితే రాష్ట్ర విద్యుత్ సంస్థల మీద నింద తగ్గుతుంది. లడఖ్‌లో పాంగాంగ్ ఒడ్డు నుంచి సేనలు వెనక్కి మళ్లి అప్పటికి కొద్ది రోజులే అయింది, చైనా పేరు అప్పుడు వినిపించకపోవడం ఢిల్లీకి అనువు. ఇద్దరి అవసరాలను పక్కన పెట్టి చూస్తే మిగిలేది: విద్యుత్ నెట్‌వర్క్‌ల చుట్టూ ఎవరో తిరిగారు, చీకటికి కారణం వారేనన్న రుజువు లేదు.

ఢిల్లీ ఎయిమ్స్ మీద 2022 నవంబర్ 23న జరిగిన దాడిలో అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయి, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిపోయింది. రోగుల నమోదు రోజుల తరబడి చేతిరాతతో నడిచింది. డిసెంబర్ మధ్యలో ప్రభుత్వ వర్గాలను ఉటంకిస్తూ దాడి చైనా నుంచి జరిగిందన్న వార్తలు అన్ని భాషల పత్రికల్లో, ఛానళ్లలో వచ్చాయి. అదే వారంలో రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానంలో కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ మాటలు వేరు: ‘గుర్తు తెలియని’ వ్యక్తులు చొరబడ్డారు, నెట్‌వర్క్‌ను సరిగా విభజించి పెట్టకపోవడం వల్ల అది సాధ్యమైంది. సభకు తప్పుడు సమాచారం ఇస్తే సభా హక్కుల ఉల్లంఘన తీర్మానం ఎదుర్కోవాల్సి వస్తుంది. పేరు చెప్పకుండా విలేకరితో మాట్లాడినవారికి ఆ భయం లేదు. పైగా ఆ సమాధానంలో రెండో సగం, నెట్‌వర్క్ విభజన లోపం, పూర్తిగా ఇంటి తప్పు. దేశంలోకెల్లా ప్రతిష్ఠాత్మకమైన ఆసుపత్రిలో ఆ పని ఎవరు చేయాల్సింది, ఎందుకు చేయలేదు అన్న ప్రశ్నలకు ‘చైనా హ్యాకర్లు’ అన్న శీర్షిక పక్కన చోటు దొరకలేదు.